భూటాన్‌కు పద్దు, సీమకు హామీ

కేంద్ర బడ్జెట్ వెలువడిన మర్నాడు రాయలసీమ వాట్సాప్‌లలో ఒక పోలిక తిరుగుతుంది. మాల్దీవులకు ఇన్ని కోట్లట, నేపాల్‌కు అన్ని కోట్లట, మన గుండ్రేవుల జలాశయానికి మాత్రం గుండుసున్నా అట. అంకెలు తప్పుడువి కావు. 2025-26 బడ్జెట్‌లో భూటాన్‌కు 2,150 కోట్లు, నేపాల్‌కు 700 కోట్లు, మాల్దీవులకు 600 కోట్లు, మారిషస్‌కు 500 కోట్లు రాశారు. అఫ్గానిస్థాన్‌కు సైతం 100 కోట్లు ఉన్నాయి. బోరు ఎండిపోయి, ముసలివాళ్లను ఇంటి దగ్గర వదిలి, గుంటూరు వైపు మిరప కోతలకు మూటాముల్లె సర్దుకునే ఆదోని, కోసిగి కుటుంబాలకు ఆ జాబితా చూస్తే కడుపు మండడంలో వింత లేదు. కానీ ఆ మంట పోయి తగులుతున్నది తగలాల్సిన చోట కాదు.

లెక్క వేసి చూద్దాం. ఆ బడ్జెట్‌లో విదేశాలకు సాయం కింద పెట్టింది మొత్తం 5,483 కోట్లు. కేంద్రం ఏడాది ఖర్చు 50.65 లక్షల కోట్లు. అంటే ప్రతి వెయ్యి రూపాయల్లో విదేశాలకు పోయేది రూపాయి ఎనిమిది పైసలు. అదే ఏడాది రోడ్లు, రైళ్లు, రక్షణ కొనుగోళ్లు వగైరా మూలధన వ్యయానికి 11.21 లక్షల కోట్లు కేటాయించారు. సాయానికి అది రెండు వందల రెట్లు పైమాటే. సరే, రేపటి నుంచి ఏ దేశానికీ పైసా ఇవ్వవద్దని, ఆ డబ్బు 140 కోట్ల మందికి సమానంగా పంచమని ఆదేశిస్తే తలకు 39 రూపాయలొస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఉన్నది సుమారు 69 లక్షల మంది. రెండు జిల్లాలకు కలిపి దక్కేది 27 కోట్లు. రాష్ట్ర విభజన తర్వాత వెనుకబడిన జిల్లాల నిధి అని కేంద్రమే ఏటా జిల్లాకు 50 కోట్ల చొప్పున ఇస్తామంది. ఆ లెక్కన ఈ రెండు జిల్లాలకు రావాల్సింది వంద కోట్లు. విదేశీ సాయాన్ని రద్దు చేస్తే వచ్చేదానికి అది దాదాపు నాలుగు రెట్లు. దాని మీద మాత్రం వాట్సాప్‌లో అంత రగడ జరగదు.

పైగా సాయమని పేరు పెట్టిందంతా దానం కాదు. భూటాన్‌లో చుఖా, తాలా, మాంగ్‌దేచు జల విద్యుత్ కేంద్రాలకు మనం గ్రాంటు కొంత, అప్పు కొంత ఇచ్చాం. అక్కడ మిగిలిన కరెంటు మన గ్రిడ్‌కే అమ్ముతారు. 2025 జులైలో మాల్దీవులకు ప్రకటించిన 4,850 కోట్లు అప్పు. ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇచ్చే ఇలాంటి అప్పుల్లో సరుకులు, పనులు చాలావరకు మన కంపెనీల నుంచే తీసుకోవాలన్నది షరతు. మంగోలియా చమురు శుద్ధి కర్మాగారానికి భారత్ వంద కోట్ల డాలర్లకు పైగా అప్పిచ్చింది. అక్కడ ప్రధాన పనులు దక్కించుకున్నది సీమలో ఎత్తిపోతల పంపులు బిగించిన హైదరాబాద్ సంస్థ మేఘాయే. గోబీ ఎడారికైనా హంద్రీ గట్టుకైనా బిల్లు రాసేది ఒకే ఆఫీసు.

విదేశాల పద్దుతో సీమకు సంబంధం లేదనుకోవడమూ తప్పే. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, బద్వేలు చుట్టుపక్కల ఎన్ని ఇళ్ల పైకప్పులు కువైట్ జీతాలతో లేచాయో అక్కడి బ్యాంకు మేనేజర్లను అడిగితే తెలుస్తుంది. విదేశాల్లోని మనవాళ్లు 2024లో దేశానికి పంపింది సుమారు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. మనం ఇతర దేశాలకు ఇచ్చే సాయం దానిలో అర శాతం చుట్టూ ఉంటుంది. ఆ ఇళ్ల ఆడపిల్లకు కువైట్‌లో పాస్‌పోర్టు లాక్కున్నప్పుడు తలుపు తట్టాల్సిన రాయబార కార్యాలయం నడిచేది కూడా విదేశాంగ శాఖ డబ్బుతోనే.

అయినా ఈ తగువుకు సీమలో పాత వేళ్లున్నాయి. మన కరువు సొమ్ము పరాయి దేశం పాలైందన్న మాట అక్షరాలా నిజమైన కాలం ఒకటుంది. 1876-78 ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా తన జనంలో నాలుగో వంతు పోగొట్టుకుంది. ఇంకెప్పుడూ ఇలా జరగకూడదని చెప్పి లిట్టన్ ప్రభుత్వం కరువు బీమా నిధి అంటూ ఏటా కోటిన్నర రూపాయలు పక్కన పెడతామంది. అందుకోసం కొత్త పన్నులు కూడా వేసింది. అదే 1878లో రెండో అఫ్గాన్ యుద్ధం మొదలైంది. కరువు పేరిట వసూలు చేసిన పన్ను కాబూల్ దారి పట్టిందని అప్పుడే పత్రికల్లో, సభల్లో గొడవ రేగింది. ప్రభుత్వం ఏవో సమాధానాలు చెప్పుకొంది గాని, పేరున్న నిధికి పద్దు లేకపోతే ఏమవుతుందో సీమ మొదటిసారి చూసింది అప్పుడే.

కర్నూలు-కడప (కేసీ) కాలువ కథ కూడా ఆ కాలానిదే. ఆర్థర్ కాటన్ ఊహకు లండన్‌లో పెట్టుబడి వెతికిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది 1858లో. పది లక్షల పౌన్ల వాటాలకు ఏటా 5 శాతం వడ్డీ ప్రభుత్వమే పూచీ పడింది. కాలువ పారినా పారకపోయినా, పడవలు నడిచినా నడవకపోయినా లండన్ వాటాదారుకు వడ్డీ అందుతుంది. కట్టేది ఇక్కడి ఖజానా. సుంకేశుల ఆనకట్ట నుంచి కాలువ కడప చేరింది గాని, నీటి తీరువా చూసి నల్లరేగడి రైతులు దాని జోలికి పెద్దగా పోలేదు. చివరికి 1882లో ప్రభుత్వం మూడు కోట్ల రూపాయల పైచిలుకు ఇచ్చి ఆ కాలువను కంపెనీ దగ్గర కొనుక్కుంది. వడ్డీ కట్టీ, నష్టం మోసీ, మళ్లీ వెల పెట్టి కొన్నదన్నమాట. ప్రైవేటు భాగస్వామ్యం అనే మాట విన్నప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది సుంకేశుల.

అప్పటి అఫ్గాన్ బాకీకి ఇప్పుడొక విడ్డూరమైన కొసరు ఉంది. అఫ్గానిస్థాన్‌లోని హేరాత్ రాష్ట్రంలో హరిరుద్ నది మీద సల్మా ఆనకట్టను కట్టించింది భారతదేశమే. 2004లో సుమారు 350 కోట్లతో అనుమతి ఇచ్చారు. యుద్ధ వాతావరణం, కొండదారులు, పెరిగిన ధరలు కలిసి ఖర్చు 1,700 కోట్లు దాటింది. అంచనా పెరిగిన ప్రతిసారీ కేంద్ర మంత్రివర్గం కూర్చుని ఆమోదించింది. 2016 జూన్ 4న ప్రధాని వెళ్లి ప్రారంభించారు. 42 మెగావాట్ల కరెంటు, 75,000 హెక్టార్లకు నీళ్లు దాని లక్ష్యం. మన లెక్కలో 1.85 లక్షల ఎకరాలు. కేసీ కాలువ ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు.

సల్మా కట్టడాన్ని నేను తప్పు పట్టడం లేదు. హేరాత్ రైతుకు నీళ్లిచ్చినందుకు సిగ్గుపడాల్సిన అవసరం ఏ దేశానికీ లేదు. నన్ను ఆపేది అంచనా పెరిగిన ప్రతిసారీ మంత్రివర్గం కూర్చున్న ఆ తీరు. ఆలస్యమైంది, ఖర్చు అయిదు రెట్లయింది, అయినా ఎవరూ చేతులెత్తేయలేదు. ఎందుకంటే మాట ఇచ్చింది ఒక దేశానికి, ఆ మాట ఒక కాగితం మీద ఉంది, ఆ కాగితానికి బడ్జెట్‌లో ఏటా ఒక వరుస ఉంది. భూటాన్ 13వ ప్రణాళికకు 2024 నుంచి అయిదేళ్లలో 10,000 కోట్లు ఇస్తామని భారత్ ముందే చెప్పింది. థింపూలో ఆర్థిక శాఖ అధికారికి వచ్చే మూడేళ్లలో ఢిల్లీ నుంచి ఏమొస్తుందో ఉజ్జాయింపుగా ఇవాళే తెలుసు. కర్నూలు కలెక్టరుకు వచ్చే మూడు నెలల్లో ఏమొస్తుందో తెలియదు.

సీమకు ఉన్నది చట్టం. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 46వ సెక్షన్‌లో రాయలసీమ, ఉత్తరాంధ్ర పేర్లు పెట్టి మరీ ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ గురించి రాశారు. ఎంత, ఎన్నాళ్లు, ఏ శాఖ నుంచి అన్నది రాయలేదు. బుందేల్‌ఖండ్‌కు 2009లో ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ జిల్లాలు కలిపి 7,266 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు కదా, అలాంటిదే మాకూ కావాలని రాష్ట్రం ఏడు జిల్లాలకు 24,350 కోట్లు అడిగింది. కేంద్రం ఏడాదికి 350 కోట్లతో సరిపెట్టింది. 2014-15 నుంచి మూడేళ్లకు 1,050 కోట్లు వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో మరో 350 కోట్లు రాష్ట్ర ఖాతాలో జమ చేసి, పై నుంచి అనుమతి లేదంటూ వెనక్కి లాక్కున్నారు. ఆ తర్వాత వచ్చినదానికి క్రమం లేదు, లెక్క చెప్పే పద్ధతీ లేదు. భూటాన్ ఖాతాలో వేసిన డబ్బును వెనక్కి తీసుకునే ఊహ విదేశాంగ శాఖలో ఎవరికైనా వస్తుందా?

2024 జులై బడ్జెట్ ప్రసంగం చూడండి. అందులో ఆంధ్రప్రదేశ్ గురించి నాలుగు మాటలున్నాయి; వాటిలో రెండు ఇవి. అమరావతికి ఆ ఏడాది 15,000 కోట్లు, బహుళపక్ష సంస్థల ద్వారా. రాయలసీమ, ప్రకాశం, ఉత్తరాంధ్ర వెనుకబడిన ప్రాంతాలకు చట్టంలో చెప్పినట్టు గ్రాంటు. మొదటిదానికి అంకె ఉంది, సంవత్సరం ఉంది, ఎవరి ద్వారానో కూడా ఉంది. రెండోదానికి ఏమీ లేదు. ఆ డిసెంబరులోనే ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు సుమారు 79 కోట్ల డాలర్లు అమరావతికి మంజూరు చేశాయి. సీమ గ్రాంటు వాక్యంగానే మిగిలింది.

ప్రసంగంలో అంకె ఉంటే చాలుననుకోవడానికీ లేదు. తుంగభద్ర ఎగువన కర్ణాటకలో అప్పర్ భద్ర ప్రాజెక్టుకు 2023-24 బడ్జెట్ ప్రసంగంలో 5,300 కోట్లు ప్రకటించారు. దేశం మొత్తం విదేశీ సాయానికి దాదాపు సమానమైన అంకె అది. కేసీ కాలువకు రావాల్సిన తుంగభద్ర నీళ్లు పైనే ఆగిపోతాయని సీమలో ఆందోళన మొదలైంది. కానీ ఆ డబ్బు తమకు అందనే లేదని కర్ణాటక ప్రభుత్వం పదే పదే ఆరోపిస్తోంది. ఎగువ రాష్ట్రానికి నిరాశ, దిగువ ప్రాంతానికి భయం. ఒక్క రూపాయి కదలకుండానే రెండూ మిగిలాయి.

ప్రత్యేక హోదా బదులు 2016 సెప్టెంబరులో ప్రకటించిన ప్రత్యేక సాయం సంగతి మరీ చిత్రం. ఆ డబ్బు నేరుగా ఇవ్వరు. 2015 నుంచి 2020 వరకు రాష్ట్రం విదేశీ సంస్థల నుంచి అప్పులు తెచ్చుకుని ప్రాజెక్టులు చేపడితే, ఆ అప్పులు, వడ్డీ కేంద్రం తీరుస్తుందన్నారు. విదేశీ అప్పు పుట్టడానికి ఏళ్లు పడుతుంది: ప్రాథమిక నివేదిక, పర్యావరణ అధ్యయనం, బ్యాంకు బృందాల రాకపోకలు, ఒప్పందం, ఆ తర్వాత విడతలుగా విడుదల. అయిదేళ్ల గడువులో చాలా భాగం ఈ కాగితాలకే సరిపోయింది. మూడు నాలుగేళ్ల తర్వాత కేంద్రమే పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం ఈ పద్దు కింద వడ్డీకి విడుదల చేసింది 15.81 కోట్లు. సొంత దేశంలోని కరువు ప్రాంతానికి డబ్బు చేరాలంటే టోక్యో మీదుగానో వాషింగ్టన్ మీదుగానో చుట్టు తిరిగి రావాలన్నమాట.

విదేశీ డబ్బు సీమకు రాలేదని కాదు. రెండు అనుభవాలున్నాయి, రెండూ పోల్చి చూడదగ్గవి.

ఒకటి మళ్లీ కేసీ కాలువే. పి.వి. నరసింహారావు నంద్యాల ఎంపీగా ప్రధాని పదవిలో ఉన్న చివరి రోజుల్లో, 1996లో, కాలువ ఆధునికీకరణకు జపాన్ నుంచి సుమారు 1,600 కోట్ల యెన్‌ల అప్పు కుదిరింది. కాలువకు లైనింగ్ వచ్చింది, తూములు, షట్టర్లు మారాయి. ఆ పని కావలసిందే. నూట పాతికేళ్ల కాలువ గట్లు ఎలా ఉంటాయో చూసినవాళ్లు వద్దనరు. కానీ కేసీ కాలువ అసలు రోగం కాలువలో లేదు. దానికి 39.9 టీఎంసీల కేటాయింపు ఉంది; అందులో తుంగభద్ర డ్యాం నుంచి రావాల్సింది 10 టీఎంసీలు, మిగిలిందంతా నదిలో పారినప్పుడు పట్టుకోవాల్సిందే. పట్టుకోవడానికి ఉన్న సుంకేశుల బ్యారేజీ సామర్థ్యం 1.2 టీఎంసీలు. ఆగస్టులో వరద కళ్ల ముందు నుంచి శ్రీశైలానికి పోతుంది, జనవరిలో చివరి భూముల రైతు నీటిపారుదల ఆఫీసు మెట్లెక్కుతాడు. అందుకే సుంకేశుల ఎగువన గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల జలాశయం కావాలని దశాబ్దాలుగా అడుగుతున్నారు. 2019లో దానికి 2,890 కోట్లతో పరిపాలనా ఆమోదం కూడా వచ్చింది. అక్కడే ఆగింది. జలాశయమంటే ముంపు, అంతర్రాష్ట్ర తగాదా, పునరావాసం. ఇవన్నీ ఉన్నచోట అప్పిచ్చే బ్యాంకు అడుగు పెట్టదు. లైనింగ్‌కు అప్పు పుట్టింది, నిల్వకు పుట్టలేదు. చివరికి 2017లో ముచ్చుమర్రి దగ్గర శ్రీశైలం వెనుక జలాల నుంచి కేసీ కాలువకు నీళ్లు ఎత్తిపోసే పథకం కట్టుకున్నాం. వరదప్పుడు ఉచితంగా దాటిపోయిన నీటినే తర్వాత కరెంటు ఖర్చు పెట్టి వెనక్కి తెచ్చుకుంటున్నాం.

రెండోది ఓర్వకల్లు. 1995 నుంచి అయిదేళ్లపాటు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకమొకటి నడిపింది. మన దగ్గర మహబూబ్‌నగర్, అనంతపురం, కర్నూలు జిల్లాలను ఎంచుకున్నారు. కర్నూలులో దాని ప్రయోగశాల ఓర్వకల్లు మండలం. పెద్ద సొమ్మేమీ కాదు. కట్టింది కాలువ కాదు, రోడ్డు కాదు. ఆడవాళ్ల పొదుపు సంఘాలు, వాటికి గ్రామ సమాఖ్య, పైన మండల సమాఖ్య. సారా మాన్పించడం, బాలికలను బడికి పంపడం, బ్యాంకు దగ్గర గట్టిగా మాట్లాడటం ఆ సంఘాల్లోనే నేర్చుకున్నారు. ఆ నమూనానే వెలుగు పథకానికి దారి చూపింది, 2011లో వచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు పునాదుల్లో ఒకటైంది. విదేశీ సాయం మీద కోప్పడేవాళ్లు ఒకప్పుడు తామే దాన్ని పుచ్చుకున్నవాళ్లమని, అది దేశమంతటికీ పనికొచ్చిందని మరిచిపోకూడదు.

ఇప్పుడు అదే ఓర్వకల్లు పేరు మరో జాబితాలో వినిపిస్తోంది. 2021లో విమానాశ్రయం తెరిచారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఓర్వకల్లు పారిశ్రామిక నోడ్‌కు 2,786 కోట్లు, కడప పక్కనున్న కొప్పర్తికి 2,137 కోట్లు ఆమోదించింది. 2025 అక్టోబరులో ప్రధాని కర్నూలు వచ్చి వాటికి శంకుస్థాపన చేశారు. ఇది మంచి పరిణామమే. మంత్రివర్గ ఆమోదం ఉంది, అంకె ఉంది, ఎకరాల లెక్క ఉంది. సీమ అడుగుతున్న పద్దుకు ఇదే దగ్గరి రూపం. అయితే పారిశ్రామికవాడకు రోడ్డూ కరెంటూ నీళ్లూ తేవడం వేరు, ఆ ఊళ్ల మనుషులకు అందులో పని దొరకడం వేరు. పొదుపు సంఘాల మండలంలో పుట్టి పెరిగిన పిల్ల ఆ ఫ్యాక్టరీలో ఏ మెట్టు మీద నిలబడుతుందన్న ప్రశ్నకు ఆ ఆమోద పత్రంలో చోటు లేదు.

శంకుస్థాపనల విషయంలో కడపకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఉక్కు కర్మాగారానికి 2007లో జమ్మలమడుగు దగ్గర బ్రాహ్మణి పేరిట రాయి వేశారు. విభజన చట్టం 13వ షెడ్యూలులో సెయిల్ ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్, 2023 ఫిబ్రవరిలో అదే చోట జిందాల్ సంస్థతో కలిసి మళ్లీ జగన్ రాళ్లు వేశారు. ఇక ఈ వ్యాసంలో ఉక్కు గురించి రాయడానికి ఏమీ లేదు.

మౌలిక వసతుల డబ్బులోనూ ఎవరికీ పట్టనిది నిర్వహణ. కొత్త పనికి రిబ్బను ఉంటుంది, విదేశీ సాయానికి కరచాలనం ఫోటో ఉంటుంది, గేటుకు గ్రీజు రాసినందుకు ఏమీ ఉండదు. 2021 నవంబరు 19న రాజంపేట పైన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు తెగింది. పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లె ఊళ్లు కొట్టుకుపోయాయి, ముప్పై మందికి పైగా చనిపోయారు. అయిదు గేట్లలో ఒకటి పని చేయలేదని కేంద్ర మంత్రే రాజ్యసభలో చెప్పారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. 133 టీఎంసీల నిల్వకు కట్టిన ఆ డ్యాం పూడికతో ఇప్పటికే సుమారు 105 టీఎంసీలకు కుంగింది. గేట్లన్నీ మార్చాల్సి ఉందని 2025లో నిల్వను 80 టీఎంసీలకే పరిమితం చేశారు. కేసీ కాలువకూ, తుంగభద్ర దిగువ కాలువకూ (ఎల్లెల్సీ), ఎగువ కాలువకూ (హెచ్చెల్సీ) కోత పడింది. గేట్ల కోసం ఏటా కొంచెం పెట్టి ఉంటే ఎన్ని ఎకరాలు బీడు పడకుండా ఉండేవో అంచనా కట్టే పని ఏ ఆడిట్ శాఖకూ అప్పగించలేదు.

పనులు జరగడం లేదని అనను. 2025 జులైలో మల్యాల దగ్గర హంద్రీ-నీవా కాలువను 3,850 క్యూసెక్కులకు వెడల్పు చేసి నీళ్లు వదిలారు. అది నిజమైన పని. అంతకుముందు ప్రభుత్వం 2020లో రాయలసీమ ఎత్తిపోతలకు 3,825 కోట్లు అంచనా వేసి, పర్యావరణ అనుమతి లేక జాతీయ హరిత ట్రిబ్యునల్ దగ్గర ఇరుక్కుంది. ప్రభుత్వం మారితే కాలువ వరుస మారుతుంది. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు పక్కన పెడతారు. భూటాన్ పద్దు మాత్రం ఢిల్లీలో ఎన్ని ప్రభుత్వాలు మారినా కదలలేదు.

దీనికి ఢిల్లీని మాత్రమే తిడితే సగం మాటే చెప్పినట్టు. 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన ఒప్పందం సీమకు నీళ్లలో ముందు వాటా ఇస్తామంది. దానికీ అంకె లేదు, పద్దు లేదు. కర్నూలు 1953 నుంచి మూడేళ్లు రాజధానిగా ఉండి పోయింది. కృష్ణా-పెన్నార్ ప్రాజెక్టు మాట వెనక్కిపోయి నాగార్జునసాగర్ ముందుకొచ్చింది. ఆ తర్వాత సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, రాజశేఖరరెడ్డి, జగన్ కర్నూలు, కడప జిల్లాల నుంచే ముఖ్యమంత్రులయ్యారు. పక్క సీమ జిల్లాల నుంచి వచ్చినవాళ్లను కలిపితే లెక్క ఇంకా పెరుగుతుంది. సీమకు విడిగా పద్దు పెట్టి, దాన్ని తర్వాతి ప్రభుత్వం తాకలేని విధంగా చట్టం చేసినవారు వారిలో ఒక్కరూ లేరు.

సీమ దేశం కాదు, ఒప్పందాలు రాసుకోవడానికి వీల్లేదు అని అధికారులు అనవచ్చు. రాజ్యాంగం 275, 282 అధికరణలు రాష్ట్రాలకు ప్రత్యేక గ్రాంట్లు ఇచ్చే దారి ఎప్పుడో తెరిచాయి. మంత్రాలయం దగ్గర తుంగభద్ర వంతెన దాటితే రాయచూరు జిల్లా. అదే ఎండ, అదే నల్లరేగడి. ఆ జిల్లా ఉన్న హైదరాబాద్-కర్ణాటక ప్రాంతానికి 2012లో రాజ్యాంగాన్ని సవరించి 371-జె అధికరణ చేర్చారు. విద్య, ఉద్యోగాల్లో స్థానికులకు వాటా, విడిగా అభివృద్ధి బోర్డు, బోర్డు పని మీద ఏటా అసెంబ్లీకి నివేదిక. ఇప్పుడు కల్యాణ కర్ణాటక అని పిలిచే ఆ ప్రాంతపు బోర్డుకు కర్ణాటక బడ్జెట్ ఇప్పుడు ఏడాదికి 5,000 కోట్లు చూపుతోంది. ఆ డబ్బంతా ఖర్చవుతోందా, సరిగ్గా ఖర్చవుతోందా అని అక్కడివాళ్లు తగువులాడుతున్నారు. తగువులాడటానికి వాళ్ల చేతిలో ఒక అంకె ఉంది.

ఇక్కడ 371-జె లాంటి సవరణకు పార్లమెంటు కావాలి. బోర్డుకు, అయిదేళ్లకు ముందే రాసిపెట్టిన పద్దుకు, గేట్ల నిర్వహణకు అందులో విడిగా ఒక వరుసకు మాత్రం అమరావతిలో ఒక బిల్లు చాలు. అసెంబ్లీలో సీమ స్థానాలు 52. పార్టీలు ఏవైనా వాళ్లంతా ఒక బడ్జెట్ సమావేశంలో దీని మీద ఓటింగు కోరితే, ఎవరు ఏ పక్షమో రికార్డుల్లో ఉంటుంది.